చిన్నదాని మడమ

పడవల క్లబ్బులో ఆ అక్కచెల్లెళ్ళని అందరూ పెద్దది, చిన్నది అనే పిలిచేవారు. పెద్దదానికి నలభై దాటినా, చిన్నదాని చెవుల దగ్గర జుట్టు నెరుస్తున్నా ఆ పేర్లు మాత్రం మారలేదు. ఊరి పక్క జలాశయంలో ఇద్దరు కూర్చుని నాలుగు తెడ్లు వేసే సన్నటి పందెపు పడవ ఒకటి ఏళ్ళ తరబడి వాళ్ళ చేతుల్లో నడిచింది. ముందు పెద్దది, ఆమె వెనక చిన్నది. అక్క తెడ్డు ముంచితే చెల్లెలు ముంచేది, ఎత్తితే ఎత్తేది. చిన్నది ఆ నీళ్ళనీ, ఆ ఒడ్డునీ ఎప్పుడూ అక్క వీపు మీదుగానే చూసింది. ఆ వీపు ఎప్పుడు అలిసిందో, ఎప్పుడు మొండికేసిందో, పొద్దున్నే బావతో మాటా మాటా పెరిగి వచ్చిందో లేదో, వెనకనుంచే చెప్పెయ్యగలిగేది.

మూడేళ్ళ కిందట ఒక పందెంలో, చివరి గీత దాటగానే ఆ వీపు ముందుకి వాలిపోయింది. అలసటేమో అనుకుంది చిన్నది. "అక్కా, మనకే వచ్చిందే!" అని అరిచి భుజం తట్టింది. భుజం పలకలేదు.

ఆస్పత్రిలో గుండె డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. గుండె గోడ ఉండాల్సినదానికన్నా మందంగా ఉందిట. పుట్టుకతోనే ఉందిట. నడవచ్చు, ఇంటి పనులు చేసుకోవచ్చు, మెల్లిగా మెట్లు ఎక్కచ్చు. తెడ్డు మాత్రం ఇక పట్టుకోకూడదు.

"సరదాకి, నెమ్మదిగా వేస్తే?" అని పెద్దది అడిగింది.

"మీకు నెమ్మదిగా వెయ్యడం చేతనవుతుందా?" అని డాక్టరు ఎదురడిగాడు.

చిన్నదానికీ పరీక్షలు చేసి, నీకేం లేదు పొమ్మన్నారు. ఆ మాట విన్నప్పుడు చిన్నదానికి సంతోషం వెయ్యలేదు సరికదా, అక్క ముఖం వైపు చూడడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆ తరవాత పెద్దది క్లబ్బు గడప తొక్కలేదు. "ఒక్కరే నడిపే నా ఒంటి పడవ ఊరికే పడుంటే పాడవుతుంది. నువ్వు వాడుకో" అని మాత్రం అంది. ఇంటి నించి ఆఫీసుకి జలాశయం పక్కగా వెళ్ళే బస్సు మానేసి, మార్కెట్టు చుట్టూ తిరిగి వెళ్ళే బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. చిన్నది ఇంటికి వెళ్తే టీ ఇచ్చేది, బావ గురక గురించి నవ్విస్తూ చెప్పేది, ఆఫీసు కబుర్లు చెప్పేది. నీళ్ళ మాట ఎత్తేది కాదు. చిన్నదీ ఎత్తేది కాదు. ఇద్దరికీ మిగతా లోకంలో ఎన్ని విషయాలున్నా, చెప్పుకోవాలనుకున్నది ఆ ఒక్కటే కావడంతో, కబుర్లు తొందరగా అయిపోయేవి. చిన్నది గోడ గడియారం చూసి లేచేది. మెట్లు దిగుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

అక్క పడవలో ఒక సంగతుంది. పందెపు పడవలో కాళ్ళు పెట్టుకోడానికి ఏటవాలుగా ఒక పలక ఉంటుంది, దానికి బూట్లు మరలతో బిగించేసి ఉంటాయి. దిగేటప్పుడు కాళ్ళే బయటికి వస్తాయి, బూట్లు పడవలోనే ఉండిపోతాయి. ఆ బూట్లు పెద్దదానివి. చిన్నదాని పాదానికి రెండు సైజులు పెద్దవి. పలక కూడా పెద్దదాని పొడుగు కాళ్ళకి సరిపోయేలా నిటారుగా బిగించి ఉంది. "బూట్లు మార్పించుకో, పలక వాలు తగ్గించుకో" అని కోచ్ గారు చెవినిల్లు కట్టుకుని పోరేవారు. "ఆ, చూస్తాలెండి" అని చిన్నది తప్పించుకునేది. రెండేసి జతల మేజోళ్ళు వేసుకుని ఆ బూట్లలో కాళ్ళు దూర్చేది. లోపల అట్ట మీద అక్క వేళ్ళు నొక్కిన గుంటలు అలాగే ఉన్నాయి. తన వేళ్ళు వాటిని అందుకోవు. అందుకోకపోయినా, ముందు ఎవరూ లేని ఆ పడవలో, కాళ్ళ దగ్గరైనా అక్క ఉన్నట్టు ఉండేది.

నొప్పి దొంగలా వచ్చింది. మొదట పొద్దున మంచం దిగగానే ఎడమ మడమ వెనక బిగుసుకున్నట్టు ఉండేది. నాలుగడుగులు వేస్తే సర్దుకునేది. చిన్నది పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో. అద్దాల అంచులు అరగదీసే యంత్రం ముందు రోజంతా నిలబడాలి. మధ్యాహ్నానికి బరువంతా కుడికాలి మీదకి మార్చుకుని, కొంగలా నిలబడడం అలవాటైంది. రాత్రి ఘాటు మందు రాసి గట్టిగా రుద్దుకునేది. ఏటా జరిగే పందెం దగ్గరపడుతోందని, సాధన చాలదేమోనని భయపడి, పొద్దున్నే ఆనకట్ట మెట్ల మీద పరుగు కూడా మొదలుపెట్టింది. అదీ అడుగు అరిగిపోయిన పాత బూట్లతో.

ఒకరోజు పడవ బయల్దేరుతూ మోకాళ్ళు పూర్తిగా మడిచి, పలకని బలంగా తన్నేసరికి మడమ పైన ఎవరో పట్టకారుతో పట్టి లాగినట్టయింది. "అమ్మా!" అంది. తెడ్లు వదిలేసింది. కోచ్ గారు మోటారు పడవలో వచ్చి, తాడు కట్టి ఒడ్డుకి లాక్కుపోయారు. ఒడ్డున ఆవిడ కుంటడం చూసి ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, ఫిజియో దగ్గరికి పంపించారు.

ఫిజియో వయసులో చిన్నదే, మాటలో మాత్రం పెద్దరికం. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పిక్కని పిసికింది. పాదం కదిలింది.

"హమ్మయ్య. తెగలేదు" అంది.

"నరం పట్టేసిందనుకున్నానండీ."

"నరం కాదు. టెండన్. పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది. మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు మోయించారు దాని చేత. పొద్దున మొదటి అడుగులు ఎలా ఉంటాయి?"

"చెక్క కాలు తొడుక్కున్నట్టు ఉంటుంది. తరవాత సర్దుకుంటుంది. అందుకే పట్టించుకోలేదు."

"సర్దుకుంటుంది కాబట్టే అందరూ ఆలస్యంగా వస్తారు. పడవలో బూట్లు ఎలాంటివి?"

చిన్నది నీళ్ళు నమిలింది. "అవి నావి కావండీ. మా అక్కవి."

"మీ సైజేనా?"

"కాదు."

ఫిజియో పలక వాలెంతో, కాళ్ళెలా పెడుతుందో అడిగింది. చిన్నది నేల మీద కూర్చుని, పాదాలు గోడకి ఆనించి చూపించింది. "అదీ సంగతి" అంది ఫిజియో. "వదులు బూటులో మడమ పైకి లేచి జారుతోంది, నిటారు పలక మీద తాడు సాగిపోతోంది. అలా సాగిన తాడుతో మీరు తంతున్నారు. దానికి తోడు మెట్ల మీద పరుగులు. పాపం, అదెంతని ఓర్చుకుంటుంది?"

పడవ ప్రస్తుతానికి బంద్. పరుగు బంద్. నొప్పి ఉన్నచోట గట్టిగా రుద్దడం బంద్. అలాగని మంచం ఎక్కి కూర్చోకూడదు, ఊరికే ఉంచితే టెండన్ ఇంకా నీరసపడుతుంది. మామూలు బూట్లలో మడమ కింద కాస్త ఎత్తుగా మెత్త పెట్టుకోవాలి. మొదట మునివేళ్ళ మీద లేచి అలాగే నిలబడాలి. అది అలవాటయ్యాక మెట్టు అంచు మీద నిలబడి, రెండు కాళ్ళతో లేచి, ఎడమకాలి మీద నెమ్మదిగా దిగాలి. ఆ తరవాత వీపుకి బరువు తగిలించుకుని చెయ్యాలి. కొద్దిగా నొప్పి ఉంటే ఫరవాలేదు. మర్నాడు పొద్దున బిగుసుకుపోవడం ఎక్కువైతే, ముందురోజు అతి చేసినట్టు లెక్క.

"మీది తొందర మనిషి వాలకం. మడమ పక్కకి వాలకుండా, దిగేటప్పుడు ధబ్బున పడకుండా వెనక నిలబడి చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

దుకాణం పైన చిన్నది ఒక్కతే ఉండే గదికి ఉన్నది చుట్లు తిరిగే ఇనప మెట్లు. వాటి మీద మామూలుగా నడవడమే గొప్ప. వెనక నిలబడి చూసేవాళ్ళంటే ఆవిడకి ఒక్క మనిషే తోచింది. ఆ మనిషి ఎప్పుడూ తన ముందు కూర్చున్నదే గాని వెనక ఉన్నది కాదు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి, తలుపు తీయగానే చెప్పేసింది. "అక్కా, పడవలో మడమ పట్టేసింది."

పడవ అన్న మాట ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో. బావ చేతిలో పేపరు కిందికి దిగింది. "ఏ కాలు?" అంది పెద్దది.

"ఎడమ."

"కూర్చో. చూపించు."

చూసింది. వాపు మీద వేలు ఆనించి, వెంటనే తీసేసింది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావే? నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

అలా మొదలైంది. వాళ్ళ అపార్టుమెంటు మెట్లు వెడల్పుగా, పట్టుకోడానికి కమ్మీతో ఉంటాయి. రోజూ దుకాణం మూసాక చిన్నది వచ్చేది. ఆమె మెట్టు అంచున నిలబడితే, పెద్దది కింది మెట్ల మీద పీట వేసుకుని, మడమకి ఎదురుగా కూర్చునేది. "లే. ఆగు. ఇప్పుడు దిగు. మెల్లిగానే, మెల్లిగా! సంచీ కింద పడేసినట్టు దిగుతావేం? వాలుతోంది, లోపలికి వాలుతోంది, సరిచెయ్." క్లబ్బులో కోచ్ గారు కూడా అంత కచ్చితంగా లేరు. పైకీ కిందికీ వెళ్ళే ఇరుగుపొరుగువాళ్ళు గోడకి ఒదిగి దారి చేసుకుని పోయేవారు. బావ ఒకసారి తొంగిచూసి, "ఏం మరదలా, మా ఆవిడ చేతికి చిక్కావా? నేను పాతికేళ్ళుగా ఇలాగే మునివేళ్ళ మీద నిలబడుతున్నాను, నన్నెవరూ ఫిజియో దగ్గరికి పంపలేదు" అన్నాడు. పెద్దది పడీ పడీ నవ్వింది. అక్క అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని చిన్నది మెట్టు మీదే నిలబడి చూసింది.

"నవ్వింది నేను, ఆగిపోయావు నువ్వు. దిగు" అంది పెద్దది.

పగటిపూట మాత్రం చిన్నదాని పరిస్థితి కాలు కాలిన పిల్లిలా ఉండేది. ఫిజియో దగ్గరికి వెళ్ళే బస్సు జలాశయం పక్కనుంచే పోతుంది. మొదటిసారి కిటికీ దగ్గర కూర్చుంది. పొద్దుటి ఎండలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎవరో కుర్రాళ్ళ నాలుగు తెడ్ల పడవ ఒకటి బాణంలా పోతోంది. తెడ్లన్నీ ఒక్కసారి లేచినప్పుడు చిన్నదాని అరచేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి. తల తిప్పేసుకుంది. మరుసటి వారం అదే బస్సు వస్తే ఎక్కలేదు. మార్కెట్టు చుట్టూ తిరిగి పోయే బస్సులో, కాయగూరల బుట్టల మధ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డాక గాని, తను అక్క బస్సు ఎక్కానని ఆవిడకి తట్టలేదు. నాకు కొన్నాళ్ళకే ఇలా ఉంటే, అనుకుంది. ఆ ఆలోచనని చివరిదాకా సాగనివ్వలేదు.

ఆ సాయంత్రం పెద్దది, చెల్లెలి మడమ మీదనించి చూపు తిప్పకుండానే, "ఈ నెలలో గాలి ఇంకా ఆనకట్ట వైపునుంచే వస్తోందా?" అని అడిగింది.

"మధ్యాహ్నం దాకా. తరవాత తిరుగుతుంది."

"రెల్లు దుబ్బుల దగ్గర ఇసక మేట వేసిందన్నారు."

"వేసింది. ఇప్పుడు అటునుంచి పోవడం లేదు, చుట్టు తిరుగుతున్నాం."

"ఊ" అంది పెద్దది. కాసేపటికి మళ్ళీ, "నీటికోళ్ళు?" అంది.

ఆ రోజు మొదలు వ్యాయామం అయిపోయినా ఇద్దరూ మెట్ల మీదే కూర్చుండిపోయేవారు. చిన్నది చెప్పేది, పెద్దది అడిగేది. మూడేళ్ళ నీళ్ళూ అడిగింది. బావ వచ్చి, వంట చల్లారిపోతోందని గుర్తు చేసేదాకా కదిలేవారు కాదు.

మడమ తన పని తాను చేసుకుపోయింది. వారాలు గడిచాయి, మెత్త తీసేసింది, వీపుకి పుస్తకాల సంచీ ఎక్కింది. ఒక పొద్దున మంచం దిగి, గది దాటి, పాలు పొయ్యి మీద పెట్టాక, కాలు బిగుసుకోలేదని చిన్నదానికి తెలిసింది. ఫిజియో ఒంటికాలి మీద గెంతించి చూసి, "ఇక పడవ ఎక్కండి. మొదట పది నిమిషాలు, ఒళ్ళు వెచ్చబడ్డాకే. జోరు పెంచకండి. కానీ ఆ బూట్లతో ఎక్కారో, నా దగ్గరికి మళ్ళీ రాకండి" అంది.

బస్సులో ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషం. బస్సు దిగేసరికి ఆ సంతోషం నీరుగారిపోయింది. కాలు బాగుపడితే మెట్లు అక్కర్లేదు. మెట్లు లేకపోతే, మళ్ళీ టీ, గురక కబుర్లు, గడియారం. తను నీళ్ళ మీదకి పోతుంది. అక్క ఒడ్డు కూడా చూడకుండా మార్కెట్టు బస్సు ఎక్కుతుంది.

"ఏమంది?" అని పెద్దది ఎదురొచ్చి అడిగింది.

"ఇంకా ఉందిట" అంది చిన్నది. "ఇంకొన్నాళ్ళు చెయ్యమంది."

ఆ కొన్నాళ్ళు అలా అలా సాగాయి. చిన్నది మెట్ల మీద మొహం చిట్లించడం నేర్చుకుంది. ఫోన్లో కోచ్ గారు అడిగితే ఏదో ఒకటి చెప్పేది. రాత్రుళ్ళు నీళ్ళు కలలోకి వచ్చేవి. పొద్దున్నే అరచేతులు చూసుకుంటే కాయలు మెత్తబడిపోయి ఉండేవి. అయినా సాయంత్రం అవగానే మళ్ళీ కుంటుతూ అక్క గుమ్మం ఎక్కేది.

ఒకరోజు వ్యాయామం అయ్యాక పెద్దది, "ఇలా కూర్చో" అని చెల్లెలి కాలు ఒళ్ళో పెట్టుకుంది. మాటల్లో మాటగా మడమ వెనక రెండు వేళ్ళతో నొక్కింది.

"ఇక్కడేనా?"

"అబ్బ! అక్కడే. కాస్త మెల్లిగా."

"నేను పట్టుకున్నది కుడికాలే."

చిన్నది కిందికి చూసింది. నిజమే, కుడికాలే.

"నిన్న నువ్వు వెళ్ళేటప్పుడు బాల్కనీలో ఉన్నాను" అంది పెద్దది. "బస్సు కదిలిపోతుంటే వెనక పరిగెత్తావు చూడు, పందెం గుర్రంలా! కుంటి మనిషి పరుగు కాదే అది." కాలు ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. "ఎందుకు చేశావిలా?"

"నాకు బాగైపోతే నువ్వు మళ్ళీ మాట్లాడవు."

"రోజూ మాట్లాడుతూనే ఉన్నానుగా."

"ఆ మాటలు కాదు."

పెద్దది కమ్మీ పట్టుకుని లేచింది, మళ్ళీ కూర్చుంది. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. "నేను నీకు దొరకాలని నువ్వు జన్మంతా కుంటుతూ కూర్చుంటావా? కాలు లేక కాదు, గుండె లేక కాదు, అన్నీ ఉండి ఒడ్డున కూర్చుంటావా? నాకేమనిపిస్తుందో ఆలోచించావా అసలు?"

"నువ్వు రావు. నీకు నా మీద కోపం. నాకేం కాలేదనీ, నేను వెళ్ళగలననీ."

"కోపమా?" పెద్దది గొంతు దిగిపోయింది. "నీ మీద కోపమైతే బాగానే ఉండేది, ఎప్పుడో ఒకప్పుడు తీరేది. నాకు ఆ చప్పుడంటే భయమే. పడవ నీళ్ళలోకి దించేటప్పుడు కింద ఒక చప్పుడవుతుంది చూడు. అది వింటే నేను ఎక్కకుండా ఉండలేను. అందుకని రాను. అంతే."

పెద్దది పీట ఎత్తుకుని లేస్తూ, "ఆ బూట్లు తీసెయ్యి" అంది. "నా బూట్లతో కాలు పాడుచేసుకున్నావని ఫిజియో అన్న సంగతి కూడా నాకు చెప్పలేదు నువ్వు. నువ్వు మీ బావతో చెప్తుంటే విన్నాను."

"నాకు చేతులు రావడం లేదక్కా. నువ్వు వచ్చి తియ్యి."

పెద్దది వస్తాననలేదు, రాననీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం చిన్నది తన సైజు బూట్లు కొనుక్కుని క్లబ్బుకి వెళ్ళింది. పడవని బల్ల మీద బోర్లా కాకుండా తిన్నగా పెట్టి, పానా పట్టుకుని నిలబడింది. ఒక మర తిప్పింది. రెండోది తిప్పబోయి ఆగిపోయింది. అప్పుడు వెనకనించి, "అటు కాదే, ఎదురు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది" అని వినబడింది.

పెద్దది ఇంటి చెప్పులతోనే వచ్చింది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా పని ఆపేసి చూశారు. కోచ్ గారు ఏదో అనబోయి, మనసు మార్చుకుని, గొట్టం పట్టుకుని కడగక్కర్లేని పడవని కడగడం మొదలుపెట్టారు. పెద్దది ఎవరి వైపూ చూడలేదు. పానా అందుకుని తన బూట్లు రెండూ ఊడదీసింది. ఒకదాంట్లోంచి ఇసక రాలింది. వాటిని పక్కన పెట్టి, కొత్తవి బిగించి, "కూర్చో" అంది. చిన్నది కూర్చుంది. "మోకాళ్ళు మడువు. మడమ ఎక్కడ లేస్తోంది? ఇక్కడా?" పలక వాలు తగ్గించింది, కిందికి దించింది, మళ్ళీ మడవమంది. మడమ సుఖంగా ఆనేదాకా వదిలిపెట్టలేదు. "ఎక్కేముందు గట్టు మీద నడిచి ఒళ్ళు వెచ్చచేసుకో. పది నిమిషాలన్నదా ఆవిడ? పదకొండోది నేను ఒప్పుకోను."

పడవ నీళ్ళలోకి దించేటప్పుడు చిన్నది అక్క వైపు చూడలేకపోయింది. చప్పుడైంది. పెద్దది రెండు చేతులూ కట్టుకుని, చంకల్లో గట్టిగా దాచుకుని నిలబడింది.

తెడ్డు పడవలో మనిషి వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుంటాడు. చిన్నది నీళ్ళు నెట్టిన కొద్దీ, ఎదురుగా అక్క వెనక్కి వెనక్కి పోయి చిన్నదవుతూ వచ్చింది. మడమ కింద పలక గట్టిగా, నమ్మకంగా ఉంది. నొప్పి లేదు. ఇన్నాళ్ళూ కలగన్నది ఇదే కదా అనుకుంది. కళ్ళు మసకబారి ఒడ్డు కనబడడం మానేసింది. తెడ్డు ఆపి చేత్తో తుడుచుకునేసరికి, పెద్దది రేవు వదిలి, గట్టు వెంట పడవతో పాటే నడుస్తోంది. రెల్లు అడ్డం వచ్చేదాకా నడిచింది.

తిరిగి వచ్చేసరికి పెద్దది రేవు చెక్కల చివర కూర్చుని, చీలమండల దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉంది. చిన్నది పడవ కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. తనూ కాళ్ళు దించింది.

"నొప్పి వచ్చిందా?" అంది పెద్దది.

"లేదు. నీకు?"

పెద్దది చెల్లెలి తడి చెయ్యి తీసుకుని, అరచేతిలో కొత్తగా లేచిన బొబ్బని బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

ఆ ఏడు చిన్నది పందెంలో దిగలేదు, ఫిజియో వద్దంది. పై ఏడు దిగి మూడోదిగా వచ్చింది. మడమ మళ్ళీ మొరాయించకుండా మెట్ల వ్యాయామం మాత్రం మానలేదు, పెద్దది మాననివ్వలేదు. కొన్ని ఆదివారాలు పెద్దది క్లబ్బుకి వస్తుంది. కొన్నిసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. ఎందుకని చిన్నది అడగదు. అలా వెళ్ళిపోయిన రోజు సాయంత్రం మెట్ల మీద పీట వేసుకుని, "ఇవాళ నీళ్ళెలా ఉన్నాయే?" అని పెద్దదే అడుగుతుంది. చిన్నది మునివేళ్ళ మీద లేస్తూ, దిగుతూ అన్నీ చెప్తుంది. గాలి, రంగు, తెడ్డు దిగినప్పటి బరువు, ఏదీ వదలకుండా. పెద్దది కళ్ళు మూసుకుని వింటుంది. చెప్పడం అయిపోయినా, ఇంకాసేపు అలాగే ఉంటుంది.